మార్పులేమైనా ఉన్నాయా?

ఎవరింట్లో ఎంతమంది తింటున్నారో తేల్చడం నా ఉద్యోగం. తినే నోళ్ళు లెక్కపెట్టడానికి అంత చదువెందుకే అని మా అన్నయ్య ఒకప్పుడు ఎగతాళి చేసేవాడు. వాడికేం తెలుసు! కంచం ముందు కూర్చున్న మనిషి నేను తలుపు తట్టగానే చుట్టపుచూపుగా వచ్చినవాడైపోతాడు. ఊళ్ళోనే లేని కొడుకు చొక్కా నేను వెళ్ళిన రోజున తీగ మీద ఆరుతూ ఉంటుంది. ఆహార సహాయం కార్డు మీద తలకింత అని ఇస్తారు కాబట్టి కొన్ని ఇళ్ళల్లో కొత్త తలలు పుట్టుకొస్తాయి, సంపాదించే తలలు మాయమైపోతాయి. ఒక మనిషి పుట్టినా, పోయినా, వచ్చి చేరినా, అలిగి వెళ్ళిపోయినా ఆ మార్పు మా ఆఫీసుకి చెప్పాలి. చెప్పింది నిజమో కాదో చూసి రావడం నా పని.

నాకు నా పద్ధతులున్నాయి. ఎప్పుడొస్తానో ముందుగా చెప్పను. సరిగ్గా భోజనాల వేళకే వెళ్తాను. మనుషులు అబద్ధం చెప్పినా తడి కంచాలు చెప్పవు. బాత్‌రూములో బ్రష్షులు చూస్తాను, గుమ్మం ముందు చెప్పులు చూస్తాను, వంటింట్లో పొయ్యి చూస్తాను. మా రూలుకి చుట్టరికంతో పనిలేదు. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు ఒక ఇల్లు. పొయ్యిలు వేరైతే, ఒకే తల్లి బిడ్డలైనా వేరే ఇళ్ళు. వెళ్ళిన చోట మంచినీళ్ళు కూడా ముట్టకూడదన్నది ఇంకో రూలు. ఇన్నేళ్ళలో ముట్టలేదు. ఆఫీసులో నా వెనకాల నన్ను ‘జల్లెడ’ అంటారని నాకు తెలుసు. మొదట్లో ఒళ్ళు మండేది. పోనుపోనూ ఆ పేరు చెవిన పడితే లోలోపల మురిసిపోవడం మొదలుపెట్టాను. మనల్ని ఎవరో తలుచుకుంటున్నారన్నమాటే కదా.

నా ఇంట్లో తినేది నేనొక్కదాన్నే. తాళంచెవులు చేసే అతని కొట్టు మీద ఒక గది, దానికి అంటుకుని ఒక వంటిల్లు. వండుకున్నది గిన్నెలోంచే, పొయ్యి పక్కన నిలబడి తినేస్తాను. కంచం పెట్టుకుంటే మళ్ళీ దాన్ని కడగాలి. కూర్చుంటే మళ్ళీ లేవాలి. ఇంత తిండికి అంత తతంగం దేనికని.

మా ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చునే అమ్మాయి ఒకతె ఉంది. ఆరునెలలకోసారి కార్డున్న ప్రతి ఇంటికీ ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడుగుతుంది. “మీ ఇంట్లో మార్పులేమైనా ఉన్నాయా?” ఉద్యోగంలో చేరిన కొత్తలో గొంతు సరిచేసుకోవడానికి ఆ ప్రశ్న నా మీదే సాధన చేసింది.

“మీ ఇంట్లో మార్పులేమైనా ఉన్నాయా అక్కా?”

“ఉన్నాయమ్మా. వంటింట్లో బల్బు మార్చాను,” అన్నాను.

పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళాక ఆ బల్బుకేసి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

ఆ ప్రశ్నకి అందరూ చెప్పే జవాబు ఒకటే, ‘ఏమీ లేవు’ అని. అప్పులవాడికి చెప్పినట్టు చెప్తారు. అలాంటిది ఒకరోజు ఆ అమ్మాయి ఫోను పెట్టేసి నా బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

“అక్కా, ఒకాయన ఉంది అన్నాడు!”

“ఏముందట?”

“ఎదురింటావిడా నేనూ ఇప్పుడు కలిసి భోంచేస్తున్నామమ్మా, రాసుకోండి అన్నాడు. ఎంత సంబరంగా చెప్పాడనుకున్నారు! పెళ్ళి కుదిరిందని చెప్పినట్టే చెప్పాడు. మా మనిషి వచ్చి చూస్తారండీ అంటే, తప్పకుండా రమ్మనండి అన్నాడు.”

మా ఆఫీసరు కంప్యూటరులో వెతికి చూశాడు. ఆయనొక ముసలి టైలరు, ఒంటరి, ఒక కార్డు. ఎదురింటావిడ కూడా ఒంటరిదే, ఆవిడకీ ఒక కార్డు. “కలిసి వండుకుంటుంటే రెండూ తీసేసి ఒకటి చెయ్యాలి. చూసి రండి,” అన్నాడు.

మా లెక్కల్లో ఒకటీ ఒకటీ కలిస్తే రెండు కాదు. ఇద్దరు ఒంటరివాళ్ళ కార్డులు కలిపితే వచ్చే తిండి ఒకటిన్నర మనిషికి సరిపోతుంది. కలిసి తింటే ఖర్చు కలిసొస్తుందని ఎవరో పెద్దమనిషి ఎక్కడో కూర్చుని తేల్చాడు. ఆయన తప్పని నేననను. కలిసి తినేవాళ్ళ సంగతి నాకేం తెలుసు? కానీ విడిగా ఉన్న కార్డులే నెలాఖరుకి చాలకపోవడం నాకు తెలుసు. ఆ అర మనిషి తిండి పోతే చివరి వారం ఇద్దరూ పస్తుండాలి.

పైగా ఆ సంగతి ఆయనకి తెలియదు. తెలిస్తే చెప్పేవాడా?

*

ఆ మేడకి లిఫ్టు ఉంది గానీ, బాగుచేస్తున్నామన్న నోటీసు కూడా వెలిసిపోయింది. పై అంతస్తు ఎక్కేసరికి నా మోకాళ్ళు నన్ను తిట్టడం మొదలుపెట్టాయి. మెట్లు ఆగిన చోట ఎదురెదురుగా రెండు తలుపులు. మధ్యలో ఒక చాప పరిచేంత చోటు. ఒక తలుపు మూసి ఉంది. రెండోది బార్లా తెరిచి ఉంది, దాని ముందు రెండు జతల చెప్పులున్నాయి. ఒకటి మగవాళ్ళది, ఒకటి ఆడవాళ్ళది. పక్కపక్కనే, వరసగా.

ఇలాంటి చెప్పులు చూడగానే నాకు ఆనందం కలగాలి. దొంగ దొరికినట్టే కదా. కానీ దాచాలనుకున్నవాళ్ళు చెప్పులు అంత ముచ్చటగా సర్దుకోరు.

టైలరుగారు గుమ్మంలోకి వచ్చారు. సన్నటి మనిషి. చొక్కా ఇస్త్రీ మడతలతో ఫెళఫెళలాడుతోంది. మెడలో టేపు వేలాడుతోంది.

“ఆఫీసు నుంచేనామ్మా? రండి రండి. ఫోన్ చేసిన రోజు నుంచీ ఎదురుచూస్తున్నాను. ఎప్పుడొస్తారో తెలీదు కదా, రోజూ ఇస్త్రీ చొక్కానే వేసుకుంటున్నాను.”

“ఇంట్లో వేసుకునే చొక్కాకి ఇస్త్రీ ఏంటని నేను చెప్తూనే ఉన్నాను,” అంది లోపల్నించి ఒక ఆడగొంతు. “కరెంటు బిల్లు ఆఫీసువాళ్ళు కడతారా?”

లోపలికి వెళ్ళాను. ఒకే గది, దానికి ఆనుకుని చిన్న వంటిల్లు. ఒక మూల మంచం, కిటికీ పక్కన కుట్టుమిషను బల్ల. మిషను లోపలికి మడిచేసి, బల్ల మీద గళ్ళ గుడ్డ పరిచి, రెండు కంచాలు, రెండు గ్లాసులు పెట్టి ఉన్నాయి. గోడ పక్కన పాత రేడియో, దాని నెత్తిన గుండీల డబ్బా. నా కళ్ళు అలవాటు కొద్దీ ప్రతిదాని మీదా వాలుతుంటే ఆయనే చెప్పారు.

“అది మాట్లాడి చాలా కాలమైందమ్మా. డబ్బాకి పీటగా పనికొస్తోంది. ఇంతకుముందైతే అది పోయినందుకు బాధగా ఉండేది. ఇప్పుడు దాని అవసరం లేదు.” అని వంటింటి వైపు తల తిప్పి నవ్వారు. “దానికన్నా పెద్ద రేడియో దొరికింది.”

“వినబడుతోంది,” అంది ఆ గొంతు.

ఆవిడ సినిమాహాల్లో పనిచేసి మానేసిన మనిషి. చీకట్లో టార్చిలైటు వేసి జనాన్ని వాళ్ళ సీట్లలో కూర్చోబెట్టేది. మేడంతా ఆవిడని టార్చమ్మ అనే పిలుస్తారు. లావుపాటి మనిషి, కళ్ళు సూదుల్లా ఉన్నాయి. పొయ్యి దగ్గర చెంచా పట్టుకుని నిలబడి ఉంది. ఆ చెయ్యి వణుకుతోంది. ఊరికే కాదు, చెంచా గిన్నె అంచుకి తగిలి గంటలా మోగేంతగా.

నా ప్రశ్నలు మొదలుపెట్టాను.

“ఈవిడ మీకేమవుతారు?”

టైలరుగారు ఆలోచనలో పడ్డారు. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగినట్టు లేదు. చివరికి, “ఎదురిల్లు అవుతుందమ్మా,” అన్నారు.

“వంట ఎవరు చేస్తారు?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఇద్దరం కలిస్తే ఒక వంటమనిషి,” అంది టార్చమ్మ. “ఈయనగారికి జ్వరమొచ్చి, అది పోతూ పోతూ వాసనా రుచీ పట్టుకుపోయింది. ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీదు. నా చేతులు చూశావుగా. కత్తి పట్టుకుంటే ఉల్లిపాయకన్నా ముందు నా వేళ్ళు తెగుతాయి. అందుకని ఈయన కోస్తాడు, నేను రుచి చూస్తాను.”

మొదలైందెలాగో కూడా చెప్పారు, ఒకరి మాట ఇంకొకరు లాక్కుంటూ. ఒకరోజు టైలరుగారి గిన్నె మాడి పొగ మెట్ల మీదికి వచ్చిందట. ఆయన మాత్రం అటు తిరిగి నిమ్మళంగా గుండీ కుట్టుకుంటున్నారట. టార్చమ్మ తలుపు బాది, బతికున్నారా అని అరిచి, లోపలికొచ్చి పొయ్యి ఆర్పేసి, పక్క గిన్నెలో ఉన్న కూర వేలితో నాకి చూసిందట.

“రోజూ ఇదే తింటున్నారా అనడిగాను. ఏమో, నాకేం తెలుస్తుంది అన్నాడు.” ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. “మర్నాడు నా ఉల్లిపాయలు తెచ్చి కొయ్యమన్నాను. అంతే.”

ఆయన కోసిన కూరగాయలు చూశాను. బంగాళాదుంప ముక్కలన్నీ ఒకే కొలత. కొలిచి గీత గీసి కత్తిరించినట్టు. ఆవిడ ఉడుకుతున్న గిన్నెలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, “ఇంకో చిటికెడు,” అంది. ఆయన చిటికెడు ఉప్పు వేశారు. మళ్ళీ రుచి చూసి, “చాలు,” అంది. ఆ ‘చాలు’ విన్నాక ఆయన మొహం చూడాలి. తన కుట్టు ఒంటికి సరిగ్గా సరిపోయిందని ఎవరో చెప్పినట్టుంది.

“మీరూ కూర్చోండమ్మా, మూడో కంచం పెడతాను,” అన్నారు.

“రూలు ఒప్పుకోదండీ.”

“పోనీ మంచినీళ్ళు?”

“అవీ ముట్టకూడదు.”

ఇక చెప్పక తప్పదు కాబట్టి చెప్పాను. ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు కాబట్టి మీరిద్దరూ ఒక ఇల్లు, రెండు కార్డులూ పోయి ఒకటి వస్తుంది, అందులో ఇద్దరికి సరిపడా రాదు, నెలాఖరుకి ఇబ్బందవుతుంది అని. నేను ఇలాంటివి చెప్పేటప్పుడు గొంతులో తడి లేకుండా చూసుకుంటాను. ఆ రోజు కూడా చూసుకున్నాను.

టైలరుగారు మెడలో టేపుని వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చున్నారు.

“అదేంటమ్మా. అడిగారు కదా,” అన్నారు చివరికి. “ఆరునెలలకోసారి అడుగుతారు, మార్పులేమైనా ఉన్నాయా అని. నన్ను ఆ మాట అడిగేవాళ్ళు మీరు తప్ప ఇంకెవరూ లేరు. మా ఆవిడ పోయిందని ఒకసారి చెప్పాను. ఆ తర్వాత ప్రతిసారీ లేవు, లేవు అనే చెప్పాను. ఇన్నాళ్ళకి చెప్పుకోవడానికి ఒక మంచి ముక్క దొరికింది. చెప్పాను.”

 “చెప్పడం మంచిదేనండీ,” అన్నాను. ఎంత పనికిమాలిన మాట!

టార్చమ్మ మాత్రం నిప్పులు చెరిగింది. నా మీద కాదు, ఆయన మీద.

“నోట్లో నువ్వుగింజ నానదా మీకు? నాలుగు ముద్దలు కలిసి తింటున్నామని ఊరంతా టముకు వేసుకోవాలా? పోయింది చాలు. నా కార్డు నాకు కావాలి. మీ కార్డు మీకూ కావాలి. మీ తిండి మీరు తినండి, నా తిండి నేను తింటాను.”

బల్ల మీంచి తన కంచం తీసుకుంది. తన గ్లాసు తీసుకుంది. పొయ్యి దగ్గర చెంచా కూడా తనదేనట, తీసుకుంది. చేతుల్లో అవన్నీ ఒకదానికొకటి తగిలి మోగుతుంటే గుమ్మం దాటి చెప్పులేసుకుని ఎదురింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. పొయ్యి మీద కూర ఇంకా ఉడుకుతూనే ఉంది.

“విడిగా వండుకుంటున్నారని తేలితే కార్డులు రెండూ ఉంటాయి,” అన్నాను టైలరుగారితో. “వారంలోగా మళ్ళీ వచ్చి చూస్తాను. ఎప్పుడన్నది చెప్పను.”

“కలిసి తినడం తప్పామ్మా?” అని అడిగారు. పౌరుషంగా కాదు, తెలుసుకుందామని.

“తప్పని ఎవరన్నారు? తింటే ఒక కార్డు, తినకపోతే రెండు. అంతే.”

అంతే అనేసి మెట్లు దిగాను. దిగుతున్నంతసేపూ కోపం. ఎవరి మీదో తెలియదు. రూలు రాసిన పెద్దమనిషి మీదా? నోరు జారిన ఆయన మీదా? ఇంటికి వెళ్ళి, గిన్నె ముందు నిలబడి రెండు ముద్దలు తిన్నాక తెలిసింది, కూరలో ఉప్పు వెయ్యలేదని. ఉప్పు చాలిందా అని నన్ను అడిగేవాళ్ళు లేరు. నేను అడగడానికీ ఎవరూ లేరు. నాకు రుచి బాగానే తెలుస్తుంది. అయినా వెయ్యలేదు. ఉప్పు డబ్బా చెయ్యిచాపు దూరంలోనే ఉంది. అందుకోకుండా అలాగే తినేశాను. ఆ పూట నా మీద నాకే అసహ్యమేసింది, జాలేసింది.

*

వారం తిరక్కుండానే మళ్ళీ వెళ్ళాను, భోజనాల వేళకి. ఈసారి రెండు తలుపులూ మూసి ఉన్నాయి. ఒక్కో తలుపు ముందు ఒక్కో జత చెప్పులు. మెట్ల మీదే మాడు వాసన ముక్కుకి కొట్టింది.

టైలరుగారు తలుపు తీశారు. చొక్కా ఇస్త్రీ లేదు. బల్ల మీద గళ్ళ గుడ్డ లేదు, మిషను పైకి లేచి ఉంది, దాని మూల మీద ఒక్క కంచం. నా అనుమానం నాకుంటుంది కాబట్టి అంతా చూశాను. ఒక్క గ్లాసు. ఒక్క బ్రష్షు. పొయ్యి మీద ఒక్కడికి సరిపడా చిన్న గిన్నె.

“ఒక్కణ్ణేనమ్మా. బాగా చూసుకోండి,” అన్నారు. ఆ మాటలో వెటకారం ఉంటే బాగుండును, లేదు.

కంచంలో కూర. ముక్కలు అప్పటిలాగే ఒకే కొలత, ఒకే కోత. అడుగువన్నీ నల్లగా మాడిపోయాయి.

“మాడింది కంటికి కనబడుతుందమ్మా, తీసి పక్కన పెట్టేస్తున్నాను,” అన్నారు. “ఉప్పు సంగతే కళ్ళకి తెలియట్లేదు. వేశానో లేదో గుర్తుండదు. మీరొక్కసారి...” అని చెంచా నా వైపు చాపి, అంతలోనే వెనక్కి తీసుకున్నారు. “అవును, మీరు ముట్టకూడదు కదూ. మర్చిపోయాను. ఏమీ అనుకోకండి.”

ఏమీ అనుకోకుండా ఎదురింటి తలుపు తట్టాను.

టార్చమ్మ కింద కూర్చుని తింటోంది. రెండు బంగాళాదుంపలు, తొక్కతో, కొయ్యకుండా ఉడకబెట్టినవి. ఒక ఉల్లిపాయ, అదీ కొయ్యకుండా ఉడికిందే. చేత్తో చిదుపుకుంటుంటే సగం కంచంలో, సగం ఒళ్ళో పడుతోంది. నన్ను చూసి కొంగుతో ఒళ్ళు దులుపుకుంది.

“రాసుకో అమ్మాయ్. ఒక్కదాన్నే. నా పొయ్యి, నా గిన్నె, నా తిండి. రుచి మాత్రం బ్రహ్మాండం. చిటికెడు కూడా తేడా లేదు.” నా మొహం చూడకుండా అడిగింది. “ఆయన ఉప్పెలా వేశాడు?”

“నేను రుచి చూడలేదమ్మా.”

“వాసన నాకిక్కడిదాకా వస్తోంది. రోజూ మాడుస్తున్నాడు. కానీ ఉప్పు సంగతి వాసనకి అందదు కదా. రెండుసార్లు వేస్తాడు. వేశానో లేదో అని మళ్ళీ వేస్తాడు. ఆయనకి బీపీ ఉంది, డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు.” వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుంది. “ఒక్క మాట చెప్తావా? పొయ్యి మీద పెట్టకముందే, ముక్కల్లోనే ఒక్కసారి వేసి, డబ్బా మూత పెట్టి, డబ్బాని తీసుకెళ్ళి మంచం కింద పెట్టెయ్యమను. చేతికి అందితే మళ్ళీ వేస్తాడు.”

“మీరే చెప్పొచ్చు కదా. ఎదురుగానే ఉన్నారు.”

“వెళ్తే ఊరుకోగలనా? చెంచా పట్టుకుంటాను. సరిగ్గా అప్పుడే నువ్వొస్తావు.”

నిజమే. సరిగ్గా అప్పుడే వస్తాను. నా గొప్పతనం అదే కదా. ఒక చాప పరిచేంత చోటు దాటలేక ఆవిడ ఇక్కడ, ఆయన అక్కడ ఆగిపోవడానికి కారణం ఏ రూలు రాసిన పెద్దమనిషో కాదు. ఎప్పుడొస్తానో చెప్పని నేను.

మళ్ళీ టైలరుగారి గదిలోకి వెళ్ళాను. ఆయన ఇంకా నాలుగు ముద్దలు కూడా తినలేదు. ఆయన చేతిలో చెంచా తీసుకున్నాను. కూర నోట్లో పెట్టుకున్నాను. చేదు, ఆ వెనకే ఉప్పు. నాలుక మీంచి కళ్ళలోకి పాకి నీళ్ళు తెప్పించేంత ఉప్పు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఉప్పు వల్లే అనుకుంటారులే అని తుడుచుకోలేదు. ఇంకొకరింట్లో ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు రాలేదు.

ఆయన నోరు తెరిచి చూస్తున్నారు.

“రెండుసార్లు వేశారు,” అన్నాను. “ఇది తినకండి, పారబొయ్యండి. ముక్కల్లోనే ఒక్కసారి వేసి, డబ్బా మంచం కింద పెట్టాలట. ఎదురింట్లోంచి చెప్పమన్నారు.”

“మంచం కిందా?” అన్నారు. అని, మొదటిసారిగా ఆ పూట నవ్వారు. “ఆవిడ ఆలోచనలు ఎక్కడికో పోతాయమ్మా.”

రెండు కాగితాల మీదా ఉన్నది ఉన్నట్టు రాశాను. పొయ్యిలు వేరు, వంట వేరు, తిండి వేరు, ఒక్కొక్కరు. ఇంత శుభ్రంగా తేలిన కేసు నాకెప్పుడూ తగల్లేదు. అనుమానించడానికి ఒక్క తడి కంచం లేదు.

బయటికి వచ్చాను. నా వెనక రెండు తలుపులూ మూసుకున్నాయి. మధ్యలో నిలబడి, గోడలకి వినబడేలా అన్నాను.

“రెండు కార్డులూ ఉంటాయి! నేను మళ్ళీ ఆరునెలల దాకా ఈ మెట్లెక్కను! ఎక్కాల్సొస్తే ముందు ఫోన్ చేసి మరీ వస్తాను!”

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడొస్తానో ఒకరికి చెప్పడం అదే మొదలు. నా గొంతు మెట్ల మీద కాసేపు తిరిగి ఊరుకుంది. ఏ తలుపూ తెరుచుకోలేదు. కింది మలుపు దాకా దిగి, మోకాలు సర్దుకునే వంకతో కాసేపు ఆగాను. ఎవరిదో కొళాయి మోగింది తప్ప ఏ చప్పుడూ వినబడలేదు. మొండి మనుషులు. లేదా భయపడిపోయిన మనుషులు. వాళ్ళని భయపెట్టి వచ్చింది నేనే కదా, ఒక్క అరుపుతో ఎలా పోతుంది?

*

ఆ తర్వాత ఆ వీధిలోకి నా పని చాలాసార్లు తీసుకెళ్ళింది. ఆ మేడ ముందు నుంచి వెళ్ళాను. తలెత్తి పై అంతస్తు కిటికీ చూశాను. లోపలికి మాత్రం వెళ్ళలేదు. వెళ్తే చూడాలి, చూస్తే రాయాలి. ఇంకెవరికైనా పర్వాలేదు, ఊరికే పలకరించి రావచ్చు. నేను పలకరించడానికి వెళ్ళానంటే నమ్మేవాళ్ళెవరు? నేను మాత్రం నమ్ముతానా? ఊళ్ళో ప్రతి ఇంటి తలుపూ తట్టే హక్కున్న దాన్ని. తట్టాలనిపించిన ఆ ఒక్క తలుపే తట్టకూడదు. ఆ దిగులు ఎవరితోనూ చెప్పుకోలేదు, చెప్పుకునే వాళ్ళుంటే కదా.

ఆరునెలలు గడిచాయి. ఫోన్ల అమ్మాయి తన జాబితాలో ఆ పేరు దాకా వచ్చేసరికి, నేను ఏదో కాగితం వెతుక్కునే నెపంతో ఆమె బల్ల పక్కనే తచ్చాడుతున్నాను.

“నమస్కారమండీ. మీ ఇంట్లో మార్పులేమైనా ఉన్నాయా?”

అవతల్నించి ఏమన్నారో నాకు వినబడలేదు.  మళ్ళీ నిజం చెప్పేస్తాడేమో ఈ పెద్దమనిషి! ఆయన్ని నమ్మడానికి లేదు.

“ఏమీ లేవా? సరేనండీ.” ఆ అమ్మాయి రాసుకుంది. ఫోను పెట్టేయబోతూ ఆగి, చేత్తో మూసి నా వైపు తిరిగింది. “అక్కా, ఈయన కేసు చూసింది మీరే కదా? ఒక్కడే అన్నారు. వెనకాల ఎవరో ఆడమనిషి అరుస్తోంది, డబ్బా మంచం కింద పెట్టావా లేదా అని. ఎవరది?”

 పెట్టావా అట! నేను చూసినప్పుడు ఆవిడ ఆయన్ని ‘మీరు’ అనేది.

“రేడియో,” అన్నాను.

“రేడియోనా?”

“ఆయన దగ్గర ఒక పెద్ద రేడియో ఉంది. నా కళ్ళతో చూశాను. గట్టిగా పెట్టుకుంటాడు.”

జల్లెడ మాట అంటే మా ఆఫీసులో తిరుగులేదు. ఆ అమ్మాయి తలూపి, ఫోను పెట్టేసి, ఆ పేరు ఎదురుగా టిక్కు కొట్టింది.

నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను. ఈ మధ్య నేను కంచం పెట్టుకుని, కూర్చుని తింటున్నాను. తినేముందు కొంచెం నాలుక మీద వేసుకుని, ‘చాలు’ అని పైకే అంటున్నాను. ఈ సంగతి ఎవరికీ తెలియదు. కొత్తలో అడిగినట్టు, నవ్వులాటకైనా సరే, ఆ అమ్మాయి ఇప్పుడు నన్ను కూడా ఆ ప్రశ్న అడిగితే బాగుండుననిపించింది. అడిగితే ఉందని చెప్పేదాన్ని.

అప్పటికే తర్వాతి నంబరు నొక్కుతోంది.